పేరులేని యిల్లాలు

ఒక కుటుంబముయొక్క గుణమెట్టిదో తెలిసికొనవలెనన్న, ఆ యింటివారు చుట్టముల యెదుట చెప్పుకొను పెద్దకథను వినుట మాత్రము చాలదు. ఆ కథలో నెవరి పేరు పలుమాఱు వచ్చుచున్నది, ఎవరి పేరు వచ్చుటయే లేదు, కథ నడచుచుండగా వంటయింట నున్నదెవరు, వాకిట నిలిచినదెవరు అని కూడ కనిపెట్టవలెను. జాతుల విషయమునను నిదే న్యాయము. ఒక జాతి తన్నుగూర్చి తాను చెప్పుకొను కథలు దాని యాదర్శములను దెలుపును. ఆ కథలలో పేరు పెట్టబడనివారు దాని లోపములను దెలుపుదురు. ఆస్ట్రేలియనుల సారస్వతములో మిక్కిలి ప్రసిద్ధికెక్కిన యొక చిన్నకథ నాధారముగా గొని, వారి జాతీయాభిమానమును ఈ న్యాయముచొప్పున పరిశీలించుట యీ వ్యాసమున కుద్దేశము.

మీ జాతిలక్షణమేమని యడిగినచో ఆస్ట్రేలియనులు పలువురు ముందుగా చెప్పుమాట ‘మేట్‌షిప్’. దీనిని మనము సఖ్యధర్మమనవచ్చును. కష్టకాలమున జతగానిని విడువకుండుట, దొరయని కూలియని భేదమెంచక యొకనినొకడు ‘మేట్’ అని పిలుచుకొనుట, ఎంతటి సామాన్యునకైనను న్యాయమైన యవకాశము దొరకవలెనని పట్టుబట్టుట, ఈ ధర్మమున కంగములు. ఉన్ని కత్తిరించు కూలీలు, బంగారుగనులలో త్రవ్వినవారు, మందలు తోలువారు, 1915లో గల్లిపోలి తీరమున దిగిన సైనికులు ఈ ధర్మమునకు మూర్తులుగా కీర్తింపబడుచున్నారు. రస్సెల్ వార్డు 1958లో ప్రకటించిన ‘ది ఆస్ట్రేలియన్ లెజెండ్’ అను చరిత్రగ్రంథము, ఈ గుణములు మారుమూల సీమల కూలివారియందు పుట్టి జాతికంతటికిని వ్యాపించెనని వాదించెను. 1999లో రాజ్యాంగమునకు క్రొత్త పీఠికను చేర్పదలచినపుడు, నాటి ప్రధానమంత్రి జాన్ హోవర్డు తన తొలిప్రతిలో నీ ‘మేట్‌షిప్’ పదమునే నిలిపెను. అది పురుషులను మాత్రమే స్ఫురింపజేయు మాటయని యాక్షేపణలు బయలుదేరగా, తుదిప్రతినుండి యా పదము తొలగింపబడెను. ఆ పీఠికయు నా సంవత్సరము నవంబరులో జరిగిన ప్రజాభిప్రాయసేకరణమున నోడిపోయెను. ఒక్క మాటపై నింత వాదమేల కలుగవలెను? ఆ మాట వెనుక నూఱేండ్ల కథలు కలవు గనుక. వానిలో మొదట చదువదగినది హెన్రీ లాసన్ వ్రాసిన ‘ది డ్రోవర్స్ వైఫ్’. మనము దీనిని ‘మందకాపరి భార్య’ యనవచ్చును.

లాసన్ 1867లో న్యూ సౌత్ వేల్సులోని గ్రెన్‌ఫెల్ బంగారుగనులవద్ద జన్మించెను. తండ్రి నార్వేదేశమునుండి వచ్చిన నావికుడు. చిన్ననాటనే చెవుడు సంప్రాప్తింపగా నతడు లోకమును వినుటకంటె చూచుటకే యలవాటుపడెను. 1922లో నతడు మరణించినపుడు ప్రభుత్వలాంఛనములతో నంత్యక్రియలు జరిగినవి. 1966లో పౌనులకు మాఱుగా డాలర్లు వచ్చినపుడు పది డాలర్ల నోటుపై నతని ముఖమును ముద్రించిరి. కథకుని ముఖము నోటుపైకెక్కుట సామాన్యగౌరవము కాదు. ఈ కథ సిడ్నీనగరపు ‘బులెటిన్’ పత్రికలో 1892 జూలై 23వ తేదీన వెలువడెను. అప్పటికి లాసన్ వయస్సు ఇరువదియైదేండ్లు.

కథ స్వల్పము. ‘బుష్’ అని పిలువబడు మారుమూల యడవిసీమలో రెండుగదుల యిల్లు. దానికి చేరిక బెరడుతో కట్టిన వంటపాక. ఎటుచూచినను ఒకేతీరుగా నున్న గిడసబాఱిన చెట్లు. జనసంచారమును తెలుపు చోటు పందొమ్మిది మైళ్ల దూరమున గలదు. భర్త యొకప్పుడు కొంత యాస్తిగలవాడే. అనావృష్టిచే చెడి, ఇప్పుడు గొఱ్ఱెలమందలను తోలుకొని పోయినాడు. ఆఱునెలలుగా నతని జాబు లేదు. ఇంట నలుగురు పసిపిల్లలు. ఒకనాటి సాయంకాలము నల్లని పామొకటి యింటి నేలబల్లల క్రిందికి దూరెను. తల్లి పిల్లలను మట్టినేలగల వంటపాకకు తెచ్చి, బల్లపై పరుండబెట్టి, ప్రక్కను కఱ్ఱ నుంచుకొని, కుట్టుపనియు నొక స్త్రీల పత్రికయు దగ్గఱ పెట్టుకొని, కుక్కను తోడుచేసికొని, తెల్లవాఱువఱకు కావలి కూర్చుండెను.

ఆ రాత్రి యామె తలపునకు వచ్చిన సంగతులే కథయొక్క శరీరము. ఒకమాఱు కార్చిచ్చు పైకి రాగా, భర్త లాగు తొడిగికొని, కొమ్మలతో మంటను మోదినది. ఒకమాఱు వరద వచ్చి భర్త కట్టిన యానకట్టను కొట్టుకొనిపోగా ఏడ్చినది. ఒంటరిగా నున్నపుడు ఒక బిడ్డ చనిపోగా, ఆ శవమును మోసికొని సాయమునకై పందొమ్మిది మైళ్లు గుఱ్ఱముపై పోయినది. ఆదివారము వచ్చెనన్న, చూచువా రెవరును లేకపోయినను, పిల్లలకు శుభ్రమైన బట్టలు తొడిగి, తానును ముస్తాబై, పట్టణవీథిలో విహరించుచున్నట్లుగా పసిబిడ్డ బండిని త్రోసికొనుచు నిర్జనమైన యడవిబాటలో నడచివచ్చును. తెల్లవాఱుజామున పాము బయలుపడెను. కుక్క దానిని పట్టి లాగెను. ఆమె కఱ్ఱతో మోది చంపి నిప్పులో వైచెను. తల్లి కన్నుల నీరు చూచి పెద్దకొడుకు మెడను కౌగిలించుకొని, తానెన్నడును మందలు తోలబోనని మాట యిచ్చెను. ఇంతటితో కథ ముగిసినది.

ఈ కథ గొప్పదనుటకు సందేహము లేదు. లాసన్ కరుణరసమును కుండలతో క్రుమ్మరింపక, బిందువులుగా విడిచినాడు. ఆ ఆదివారపు విహారమును జూడుడు. అందు తన మర్యాదను తానే కాపాడుకొను స్త్రీయొక్క పట్టుదలయంతయు గలదు. అయినను కథకుడు దానిపై నొక్క వ్యాఖ్యయు చేయలేదు. గ్రామమున గాని పట్టణమున గాని యిల్లు నడుపు ఏ స్త్రీ యీ భాగమును చదివినను, చూచువారు లేనప్పుడును తాను వాకిలి యూడ్చి ముగ్గుపెట్టిన దినములను జ్ఞప్తికి దెచ్చుకొనును. ఒక పరదేశపు కథ యింతకంటె నెక్కువగా మనయింటికి రాజాలదు.

అయినను కథను రెండవమాఱు చదువుడు. పిల్లలకు పేర్లున్నవి. కుక్కకు పేరున్నది. తల్లికి మాత్రము పేరు లేదు. భర్తకును పేరు లేదుగదా యని కొందఱనవచ్చును. నిజమే; కాని యతనికొక వృత్తి కలదు, ఆ వృత్తిని పట్టి జాతిచరిత్రలో నొక స్థానము కలదు. ఆమెకు ఆ వృత్తితోడి చుట్టఱికమే పేరు. మంటతో పోరాడినదామె, వరదతో పోరాడినదామె, పామును చంపినదామె. అయినను వీరుడుగా స్మరింపబడువాడు ఇంటలేని మందకాపరి. సఖ్యధర్మము కష్టమున తోడు నిలుచుటయైనచో, ఆ కథలో దానిని పాటించినవారిలో ముఖ్యులు ఆమెయు, కుక్కయు, మఱియొక స్త్రీయు.

ఆ మఱియొక స్త్రీ మేరీ యను ఆదివాసి. మందకాపరి భార్య ఒంటరిగా ప్రసవవేదన పడుచుండగా వచ్చి పురుడుపోసినది. కథలో నామెకు దక్కినది కొలదిపాటి పంక్తులు. ఆమె సద్గుణమును పొగడవలసివచ్చినపుడు, లాసన్ తెల్లదనమునే మెచ్చుకోలుమాటగా వాడెను. మంచితనమును కొలుచుటకు చర్మపు తెలుపే కొలబద్దయైనచోట, నల్లనివా రెంత మంచివారైనను ఆ మంచితనము ఎరువు తెచ్చుకొన్న సొమ్మే యగును గదా!

కథలో నింకొక ఘట్టము గలదు. ముందటిదినము ఆమె యొక ఆదివాసిచేత కట్టెలు కొట్టించెను. పెద్దకుప్పను జూచి సంతసించి, అతడు సోమరికాడని మెచ్చుకొని, అదనముగా పొగాకు కూడ నిచ్చెను. పాము వచ్చిన రాత్రి కట్టెకై పోయి యొకటి లాగగా కుప్పయంతయు కూలెను. అది లోపల బోలుగా పేర్చినది. అలసిన యామె కూర్చుండి యేడ్చెను. ఆ మనుష్యుడు తన తెగలో కడపటివాడనియు, రాజనియు లాసన్ యొక్క వాక్యమున చెప్పి, అయినను మోసముచేసెనని పరిహాసముగా ముగించినాడు. మనకిచ్చట అడుగదోచు ప్రశ్న వేఱు. అతడు కడపటివాడైనచో, తక్కినవా రేమైరి? రాజైనవాడు చిటికెడు పొగాకునకై తన నేలమీదనే పరులకు కట్టెలు కొట్టు దశకెట్లు వచ్చెను? కథకుడు ఈ ప్రశ్నను వేయలేదు, పత్రికాధిపతియు వేయలేదు, మూడునాలుగు తరముల పాఠకులలో నత్యధికులు వేయలేదు. బోలుగా నున్నది కట్టెలకుప్ప మాత్రమే కాదు.

1892 నాటి కథను నేటి తూనికతో తూచుట యన్యాయమని కొందఱనవచ్చును. ఈ యాక్షేపణ గౌరవింపదగినది. కాని తూనిక ఆనాడును లేకపోలేదు. అది లాసన్ పుట్టిన యింటనే యుండెను. ఆయన తల్లి లూయిసా లాసన్ భర్త పనులకై దూరమేగినపుడు పిల్లలతో నొంటరిగా కాపురము చేసినది. పిమ్మట సిడ్నీకి వచ్చి, 1888లో ‘ది డాన్’ అను స్త్రీల మాసపత్రికను స్థాపించి, 1905వఱకు నడపెను. గృహనిర్వాహము, శిశుపోషణము, విడాకుల చట్టము, స్త్రీలకు వోటుహక్కు, తాగుబోతు భర్తల దౌర్జన్యము మున్నగు విషయములన్నియు నందు చర్చింపబడెను. అక్షరములు కూర్చువారును స్త్రీలే. ముద్రణకార్మికుల సంఘమువారు స్త్రీలను తమ సంఘమున చేర్చుకొనకపోగా, స్త్రీలచేత పని చేయించుచున్నదని యా పత్రికను బహిష్కరింపజూచిరి. కార్మికుల సఖ్యధర్మమునకు వాకిటనే గొళ్లెమున్నదని యామె స్వానుభవమున తెలిసికొనెను. లాసన్ మొదటి పుస్తకమును 1894లో నచ్చొత్తినదియు నీ తల్లి ముద్రాలయమే. తల్లి చూచినదానిలో సగమును మాత్రమే కొడుకు చూచెననుట నా విమర్శ.

బార్బరా బేంటన్ అను కథకురాలు రెండవ సాక్షి. ఆమె కథలోను ఒంటరిగా బిడ్డతో నున్న యొక స్త్రీ గలదు. కాని యక్కడ అపాయము పామువలన గాదు, దారినపోవు కూలివానివలన. అతడు రాత్రివేళ వచ్చి యామెను చంపును. సాయమడుగుచు నామె యెదురుగా పరుగెత్తగా, గుఱ్ఱముపై పోవు నొక భక్తుడు ఆమెను దేవమాత సాక్షాత్కారమని భ్రమించి, భక్తిపరవశుడై ఆగక పోవును. స్త్రీని దేవతగా కొలుచువాడు మనుష్యురాలిగా గుర్తింపజాలకపోయినాడు! 1896లో ‘బులెటిన్’ ఈ కథను ప్రకటించినపుడు ఆ భక్తుని ఘట్టమును తీసివైచెను. సిడ్నీలో ప్రచురణకర్త దొరకక, 1902లో నామె కథలు ‘బుష్ స్టడీస్’ అను పేర లండనులో వెలువడినవి. కావున ఆ కాలమువారు ఎఱుగకపోయిరనుట సరికాదు. ఎఱిగినవారు చెప్పిరి, జాతి తనకు ప్రియమైన కథనే యెన్నుకొనెను.

కథలు కథలుగానే యుండవు, అవి చట్టములగును. 1901 జనవరి 1వ తేదీన ఆస్ట్రేలియా సమాఖ్య యేర్పడెను. ఆ సంవత్సరమే వలసనిరోధచట్టము పుట్టెను. రానిచ్చుటకు ఇష్టములేని వానిని ఏదేని యొక యూరోపియను భాషలో ఏబది మాటల భాగమును చెప్పి వ్రాయుమనవచ్చును. అతనికి రాని భాషనే యెన్నుకొనవచ్చును. చర్మపు రంగును పేర్కొనకయే రంగును పట్టి వెలివేయు నీ పరీక్ష 1958వఱకు చట్టమున నిలిచెను. 1902 నాటి వోటుహక్కు చట్టము స్త్రీలకు వోటునిచ్చుటలో లోకమునకు మార్గదర్శకమయ్యెను. అదే చట్టము, అంతకుముందే రాష్ట్రములలో హక్కు పొందినవారిని తప్ప, ఆస్ట్రేలియా ఆదివాసులను, ఆసియా, ఆఫ్రికా, పసిఫిక్కు ద్వీపవాసులను బయటనుంచెను. ఒకే కాగితముపై నొక తలుపు తెఱవబడి, వేఱొక తలుపు మూయబడెను. ‘బులెటిన్’ 1908 మొదలు ఆస్ట్రేలియా తెల్లవానికే యను నర్థముగల వాక్యమును తన తలకట్టున ధరించి, అర్ధశతాబ్దికి పైగా విడువలేదు.

కూలివిషయమును చూతము. 1907లో న్యాయాధిపతి హిగ్గిన్సు ‘హార్వెస్టర్’ తీర్పున, సామాన్యకార్మికునకు దినమునకు ఏడు షిల్లింగులైన నీయవలెననెను. భార్యయు ముగ్గురు పిల్లలును గల మనుష్యుడు మితముగానైనను మానముగా బ్రదుకవలెనని యాయన యాధారము. లోకములోని కార్మికచరిత్రలో నిది మెచ్చదగిన తీర్పు. కాని 1912లో పండ్లు కోయువారి వ్యాజ్యమున నాయనయే, పురుషులతో పోటీపడు పనులలో తప్ప, స్త్రీలకు తక్కువ కూలి చాలుననెను. ఏలయన స్త్రీ సామాన్యముగా కుటుంబమును పోషింపవలసినది కాదట! మందకాపరి భార్య ఆ న్యాయస్థానమున నిలిచియున్నచో నేమనియుండును? నలుగురు పిల్లలను పోషించుచున్నది తానేయైనను, లెక్కలోని పోషకుడు ఆఱునెలలుగా జాడలేని భర్తయే. సమానమైన పనికి సమానమైన కూలియను తీర్పు 1969లోను, సమానమైన విలువగల పనికి సమానమైన కూలియను తీర్పు 1972లోను గాని రాలేదు.

ఇట్లు కొన్నితరములు గడచిన పిదప జాతి తన కథను తానే సంశయించుట కారంభించెను. డోనాల్డు హార్న్ సంపాదకుడైన పిమ్మట ‘బులెటిన్’ తలకట్టునుండి యా వాక్యమును తొలగించెను. ఆయనయే 1964లో ‘ది లక్కీ కంట్రీ’ అను గ్రంథమును వ్రాసి, తన దేశము అదృష్టముచేత బ్రదుకుచున్నదేకాని దానిని నడపువారి ప్రతిభచేత గాదని గేలిచేసెను. జనులు ఆ గేలినే పొగడ్తగా గ్రహించి, తమది యదృష్టవంతమైన దేశమని చెప్పుకొనజొచ్చిరి. 1968లో మానవశాస్త్రజ్ఞుడు స్టానర్ తన రేడియో యుపన్యాసములలో, ఆదివాసుల విషయమున ఆస్ట్రేలియా చరిత్రకారులు పాటించినది మఱపు మాత్రమే కాదనియు, అలవాటైన మహామౌనమనియు చెప్పెను. అంతకు ముందటి సంవత్సరమే, 1967లో, ఆదివాసులను జనసంఖ్యలో చేర్చుటకును, వారికొఱకు సమాఖ్యప్రభుత్వము చట్టములు చేయుటకును రాజ్యాంగమును సవరింప నూటికి తొంబదిమందికి పైగా సమ్మతించియుండిరి. కథలోని కట్టెలు కొట్టినవాడు మొదటిసారిగా లెక్కకు వచ్చెను.

సారస్వతమునను మందకాపరి భార్య మరల మరల వ్రాయబడెను. 1945లో రస్సెల్ డ్రైస్‌డేల్ ఆమె పేర నొక చిత్రమును లిఖించెను. విశాలమైన యెఱ్ఱనేలపై స్థూలకాయయగు స్త్రీయొకతె చేతిసంచితో మనవైపు చూచుచు నిలిచియుండును. 1975లో మరే బెయిల్ ఆ చిత్రము నాధారముగా నొక కథ వ్రాసెను. అందు దంతవైద్యుడొకడు ఆ చిత్రములోనున్నది తన్ను విడిచిపోయిన తన భార్యయే యని చెప్పుకొనును. చమత్కారము మెచ్చదగినదే, కాని యందును మాటలాడువాడు పురుషుడే, మాటలాడనిది స్త్రీయే. 1980లో బార్బరా జెఫరిస్ ఈ మౌనమునకు విసిగి, ఆమె నోటనే యామె కథను చెప్పించెను. ఇది న్యాయమైన ప్రత్యుత్తరము. అయినను ఆ ప్రత్యుత్తరమునకు తెల్లవారి యింటి కంచెయే యెల్ల.

ఆ కంచెను దాటినది లియా పర్సెల్. ఈమె క్వీన్స్‌లాండు ఆదివాసుల వంశమునకు చెందిన నటీమణి, రచయిత్రి. పసితనమున తల్లి తనకు లాసన్ కథను చదివి వినిపించుచుండెడిదని చెప్పినది. ఆ కథనే 2016లో నాటకముగా మార్చి సిడ్నీ బెల్వాయిర్ రంగస్థలమున ప్రదర్శించెను. 2017లో దానికి విక్టోరియా సారస్వతబహుమానము లభించెను. 2019లో నది నవలయై, 2021లో చలనచిత్రమై వచ్చెను. పర్సెల్ కథలో నాయికకు మాలీ జాన్సన్ అని పేరున్నది. భర్త దౌర్జన్యపరుడు, అతడిక తిరిగిరాడు, ఏలయన నామెయే యతనిని చంపినది. ఆశ్రయముకోరి వచ్చిన యదాక యను ఆదివాసి కట్టెలు కొట్టి పొగాకు పుచ్చుకొని పోవు మనుష్యుడుగాక, తన చరిత్ర తానెఱిగి, ఆమె జన్మరహస్యమును సైత మెఱిగియున్నవాడు. ఆమె తల్లియే ఆదివాసి. లాసన్ కథలో వేఱువేఱుగా నున్న యిల్లాలును, మంత్రసానియు, కట్టెలవాడును ఇచ్చట నొకే రక్తమువారైరి.

విమర్శకుడు దోషములను గూడ చెప్పవలెను. పర్సెల్ రచన బరువెక్కువైనది. హత్య, బలాత్కారము, ఉరి, పిల్లల యపహరణము ఒకదానివెంట నొకటి రాగా, పాఠకునకు ఊపిరి తీసికొను వ్యవధి లేదు. ఒక్క ఆదివారపు విహారముతో లాసన్ సాధించినదానిని ఈమె పెక్కు ఘాతుకములతో సాధింపవలసివచ్చెను. కాని యిది యామె రుచిలోని లోపమా, చెప్పవలసిన కథయే యట్టిదా యని యాలోచింపవలెను. 1997లో వెలువడిన ‘బ్రింగింగ్ దెమ్ హోమ్’ అను ప్రభుత్వవిచారణ నివేదిక, 1910 మొదలు 1970వఱకు ఆదివాసి పిల్లలలో పదింట నొకరికి తక్కువగాక, మూడింట నొకరివఱకును బలవంతముగా తల్లులనుండి వేఱుచేయబడిరని తేల్చెను. ఆ తల్లుల కథను నెమ్మదిగా చెప్పుడని మనము కోరుట న్యాయము కాదు. దౌర్జన్యము బయటినుండి గాక యింటిలోనే యుండుననుటయు కల్పన కాదు. తండ్రిచేత హతుడైన పిల్లవాని తల్లి రోసీ బ్యాటీ గృహహింసకు విరోధముగా పోరాడినందున, 2015లో దేశమామెను ఆ యేటి యుత్తమ పౌరురాలిగా నెన్నుకొనెను. పాము బల్లలక్రిందనే యున్నదని జాతి నేడు బహిరంగముగా నొప్పుకొనుచున్నది.

ఒప్పుకొనుట వేఱు, సరిదిద్దుట వేఱు. 1992లో ‘మాబో’ తీర్పున ఉన్నతన్యాయస్థానము, తెల్లవారు వచ్చునప్పటికి ఆ భూమి యెవరిదియు గాదను వాదమును త్రోసివైచెను. 2008 ఫిబ్రవరి 13న ప్రధానమంత్రి కెవిన్ రడ్ పార్లమెంటున ఆ పిల్లలకును తల్లులకును క్షమాపణము చెప్పెను. కాని 2023 అక్టోబరు 14న, ఆదివాసుల సలహాసంఘమొకదానిని రాజ్యాంగమున గుర్తింపవలెనను ప్రతిపాదనను నూటికి అఱువదిమంది నిరాకరించిరి. ఆఱు రాష్ట్రములును నిరాకరించినవి. ఆదివాసులలోనే కొందఱు వేఱువేఱు కారణములచే దానిని వ్యతిరేకించిరి గనుక, నిరాకరించిన ప్రతివాని హృదయమున ద్వేషమున్నదనుట తగదు. అయినను జనసంఖ్యలో నూటికి నలుగురైన లేని ఆదివాసులు నేడు కారాగారవాసులలో సుమారు మూడవవంతున్నారు. న్యాయమైన యవకాశమే తన జాతిధర్మమని చెప్పుకొను దేశమునకు ఈ లెక్క నిద్ర పట్టనీయరాదు.

ఇది పరుల యింటి గొడవయని మనము ప్రక్కకు తప్పుకొనుటకు వీలులేదు. ఆ వెలివేత మనవారికిని తగిలెను. 1922లో శ్రీనివాసశాస్త్రిగారు ఆస్ట్రేలియాకు పోయి అచ్చట స్థిరపడిన భారతీయుల హక్కులకై వాదించిరి. 1925లో వారికి సమాఖ్య వోటు లభించెను. 2009లో మెల్‌బోర్నున భారతీయవిద్యార్థులపై దాడులు జరుగగా వారు వీథులకెక్కి మొఱపెట్టుకొనిరి. నేడు కాలము మాఱినది. 2021 నాటి జనాభాలెక్కలలో, విదేశములలో పుట్టి ఆస్ట్రేలియాలో నివసించువారిలో ఇంగ్లండువారి తరువాత భారతదేశమున పుట్టినవారే యెక్కువగా తేలిరి. సిడ్నీ, మెల్‌బోర్ను నగరములలో తెలుగు కుటుంబములు ఇండ్లు కొని, పిల్లలను బడులకు పంపుచున్నవి.

ఆ కుటుంబములకు నాదొక విన్నపము. ఏబదిమాటల పరీక్షను తలచి మనకు జరిగిన యన్యాయమును లెక్కించుకొనుట సులభము. కాని మనమిప్పుడు వాకిట నిలిచినవారము కాము. లోపలి బల్లవద్ద కూర్చున్నవారము. కూర్చున్నవారికి సౌఖ్యమెట్లు వచ్చునో, బాధ్యతయు నట్లే వచ్చును. తాము కొనిన స్థలము పూర్వమెవరిదని యొకమాఱైనను పిల్లలకు తెలుపవలెను. ఆ ఆదివాసులగూర్చి తెల్లవారిలో కొందఱాడు తేలికమాటలను మనమును నేర్చుకొని పలుకరాదు. మనదేశమునుండి కొనిపోయిన కులాభిమానమును, వరకట్నమును ఆ క్రొత్తయింట నాటరాదు. భర్త సంపాదనకై వచ్చి, భాష చాలక, చుట్టములు లేక, నాలుగుగోడల నడుమ నొంటరిగా పిల్లలను పెంచుచున్న మన యాడుపడుచు, వేఱొక విధమైన మందకాపరి భార్యయే. ఆమె వాకిలి తట్టి పలుకరించుటకంటె మించిన సఖ్యధర్మము లేదు.

సఖ్యధర్మము చెడ్డదని నేననలేదు. అది గొప్పధర్మము, దాని లోపమంతయు దాని యిఱుకుదనములోనే యున్నది. లాసన్ కథలో తల్లి కన్నీరు చూచి, ఆమె కష్టమును మొదట గుర్తించినవాడు పసివాడు. వాని బాస కథయొక్క తుదయైనను, ధర్మమున కది మొదలు మాత్రమే. తాను మందలు తోలబోనని చెప్పుట చాలదు; తన తల్లి పేరేమో, పురుడుపోసిన మేరీకి తానేమి ఋణపడియున్నాడో, కట్టెలు కొట్టినవాని తెగ యేమైనదో వాడు పెరిగి పెద్దవాడై యడుగవలెను. వాని జాతివారు కొందఱు ఆలస్యముగానైనను అడుగుచున్నారు. ఆ ప్రశ్నలకు జవాబు చెప్పుకొనగలిగిననాడు ఆ దేశముయొక్క పెద్దకథ యిప్పటికంటె పొడుగగును. దానిలోని యిల్లాలికిని పేరు దొరకును.